62 ఏళ్ళకు కలల బండ్ల చిట్టా మళ్ళీ తీసినా, సగం కొట్టెయ్యాల్సి వస్తా ఉంది

పాతచిట్టా_62

జూన్‌లో రిటైర్ అయినాను. ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకుపెట్టెలో 1986 డైరీ దొరికింది. అప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చదువుతుండేవాణ్ణి. వెనక అట్ట లోపల ఎర్ర ఇంకుతో "కొని తీరాల్సిన బండ్లు" అని హెడ్డింగు పెట్టి, కింద గీత కూడా గీసినా. ఉన్నదున్నట్టు చెప్తా, నవ్వుకోండి.

రాజ్‌దూత్ 350. బుల్లెట్. నార్టన్ కమాండో. హోండా సీబీ 750. కవాసాకీ జడ్ 1. చివర్న యెజ్డీ రోడ్‌కింగ్, దాని పక్కన "డబ్బు చాలకపోతే" అని.

నార్టన్, సీబీ, జడ్ 1 నేను కంటితో చూసినవి కాదు. గాంధీ రోడ్డులో పాత పుస్తకాలోడి దగ్గర కొన్న ఇంగ్లీషు పత్రికల్లో బొమ్మలు. హాస్టల్ రూములో గోడకు మైదాపిండితో అతికించి పెట్టుకునేవాళ్ళం. చివరికి నేను కొన్నది ఏంటంటే, 1991లో సీడీ 100. పిలకాయల్ని బడికి దింపింది అదే, గ్యాస్ సిలిండరు మోసింది అదే.

ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులున్నాయి, అడిగేవాళ్ళు లేరు. చిత్తూరులో ఒక ఆర్‌డీ, అంటే చిట్టాలో మొదట రాసిన రాజ్‌దూత్ 350నే, ఉందంటే పోయిన ఆదివారం పోయి చూసినా. బండి బంగారం. సెంటర్ స్టాండు మీంచి దించమన్నాడు ఓనరు. తోసినా, కదల్లేదు. రెండోసారి తోస్తే నడుములో ఎక్కడో కటుక్కుమనింది. ఓనరు కూతురు, ఇంటర్ చదివే పాప, ఫోను చెవికి భుజానికి మధ్య ఇరికించుకోని వచ్చి ఒక్క ఊపుతో దించేసి మళ్ళీ లోపలికి పోయింది.

స్టార్ట్ చేసినాక ఆ చప్పుడుకు ఒళ్ళు పులకరించింది, అబద్ధం చెప్పను. కానీ కొంగారెడ్డిపల్లి నుంచి గాంధీ విగ్రహం దాకా ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకుని పోయేసరికి ఎడమచేతి బొటనవేలు మొదట్లో సూది పెట్టి పొడిచినట్టు అయింది. బ్రేకు సంగతి తెలిసినోళ్ళకు తెలుసు. తిరిగొచ్చి "ఆలోచించి చెప్తా" అన్నా. బస్సులో వస్తా ఉంటే ఎవరో చచ్చిపోయినట్టు అనిపించింది.

అడిగేది ఇదే. మీ చిట్టా వయసుతో మారిందా? మారితే ఒప్పుకున్నారా, మొండిగా కొన్నారా?

కిక్_కొట్టు

నాకు 71. 1974 బుల్లెట్. కుడి పక్క గేరు, ఎడమ పక్క బ్రేకు. సెల్ఫ్ లేదు. ఈ పొద్దు కూడా స్టార్ట్ చేసి కట్టమంచి పోయొచ్చినా. చిట్టా మార్చుకునేది మనసు ముసలిదైనోళ్ళు.

సందులో_బండి

మొదలైంది. కిక్ సామి వచ్చేసినాడు, ఇంగ ఎవురూ మోకాలు గురించి మాట్లాడొద్దండి.

టూటీ_పొగ

పాతచిట్టా అన్నా, ఆ బాధ నాకు అర్థమైతుంది. నాకు 53. నా చిట్టాలో కూడా ఆర్‌డీ పైన ఉండేది, ఇప్పుడు దాన్ని తీసేసి యమహా ఆర్‌ఎక్స్ 100 పెట్టుకున్నా. కారణం బరువు. ఆర్‌ఎక్స్ వంద కిలోల చుట్టూ ఉంటుంది, 11 హార్స్ పవర్. రేణిగుంట రోడ్డులో సిగ్నల్ పడితే కాలు కింద పెట్టడానికి భయం లేదు. సందులో తిప్పుకోవాలంటే దిగి తోసుకోవచ్చు. కుర్రతనంలో "ఎంత స్పీడు పోతుంది" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు నేను మొదట అడిగేది "ఎంత బరువు".

భాకరాపేట_మలుపు

అంకుల్స్, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. నాకు 24. నా చిట్టాలో కూడా ఆర్‌ఎక్స్ 100 ఉంది. లక్ష దాటించి కూర్చోబెట్టింది ఎవరు? మీరే కదా! కొని షెడ్డులో బెడ్‌షీటు కప్పి పెట్టుకుంటారు. మేం ఫోనులో ఫోటోలు చూసుకోవాల్నా?

టూటీ_పొగ

@భాకరాపేట_మలుపు ఒరే అబ్బోడా, 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయినప్పుడు మీ నాయన లాంటోళ్ళు ఎవ్వరూ ఏడవలేదు. లీటరుకు ఎనభై ఇస్తుందని సీడీ 100 ఎక్కేసినారు, ఆ తర్వాత స్ప్లెండర్. పొగ బండి అని మా బండిని చూసి ముక్కు మూసుకున్నారు. పాత ఇనుము కింద పోయేదాన్ని మేం నిలబెట్టినాం. ఆ రేటు మా వడ్డీ అనుకో.

భాకరాపేట_మలుపు

వడ్డీ కాదు అంకుల్, చక్రవడ్డీ.

లూనా_అక్క

నా చిట్టా ఎవరూ అడగరు, అయినా చెప్తాను. 54 ఏళ్ళు, బాలాజీ కాలనీ. కాలేజీకి లూనా మీద పోయేదాన్ని. ఎస్వీ యూనివర్సిటీ గేటు ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తొక్కాల్సి వచ్చేది, మగపిల్లలు వెనక నుంచి "తొక్కక్కా తొక్కు" అని అరిచేవాళ్ళు. అప్పుడు నా చిట్టాలో ఒకే బండి: బుల్లెట్. పక్కింటి పోలీసాయనది, ఆకుపచ్చది. ఆడపిల్ల బుల్లెట్ కలగంటే ఇంట్లో ఎవరికీ చెప్పుకునే విషయం కాదు అప్పట్లో.

మీ అందరికీ వయసు వస్తే చిట్టా చిన్నదయిందంటున్నారు. నాకు తిరగబడింది. 49 ఏళ్ళకు, పిల్లలు హాస్టళ్ళకు పోయాక, బుల్లెట్ కంపెనీ వాళ్ళదే, 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350 కొన్నాను. 195 కిలోలు. సెల్ఫ్ ఉంది, డిస్క్ బ్రేకు ఉంది. ఇరవై ఏళ్ళప్పుడు ఆ పాత బుల్లెట్‌ను కిక్ కొట్టడం నా వల్ల అయ్యేదే కాదు. కాబట్టి నాకైతే ఈ వయసే సరైన వయసు.

కిక్_కొట్టు

@లూనా_అక్క బండి కొన్నందుకు సంతోషం తల్లీ. అయితే అది క్లాసిక్ అని పేరు పెట్టుకున్న బండి. క్లాసిక్ బండి కాదు.

లూనా_అక్క

@కిక్_కొట్టు పేరు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పొద్దున బటన్ నొక్కితే లేస్తుంది అన్నయ్యా. మీది లేస్తుందా మొదటి కిక్కుకే? దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పండి.

సందులో_బండి

కాణిపాకం తీసుకపోయి చెప్పించండి. ఆడ అబద్ధం చెప్తే తెలిసిపోతుంది.

కిక్_కొట్టు

వినాయకుణ్ణి ఇందులోకి లాగొద్దు. మూడో కిక్కుకు లేస్తుంది. చలికాలంలో అయిదు.

గ్రీజుచేతులు

నేను చిత్తూరులో షెడ్డు పెట్టి 27 ఏళ్ళు. ఈ యవ్వారం రోజూ చూస్తా ఉంటా. అరవై దాటినోళ్ళు రెండు రకాలు వస్తారు. ఒకరు బండి తెచ్చి "అమ్మిపెట్టు" అంటారు. ఇంకొకరు "అట్లాంటిది వెతికిపెట్టు" అంటారు. తమాషా ఏందంటే ఒక్కోసారి ఇద్దరూ ఒకే వారంలో ఒకే బండి గురించి వస్తారు.

పాతచిట్టా సార్, ఆర్‌డీ గురించి. మీరు చూసింది హెచ్‌టీనా ఎల్‌టీనా అడిగినారా? మొదట వచ్చిన హెచ్‌టీ (హై టార్క్) 30.5 హార్స్ పవర్, మైలేజీ కోసం తగ్గించిన ఎల్‌టీ (లో టార్క్) 27. మీ వయసుకు ఎల్‌టీనే మేలు, కానీ రేటు మాత్రం హెచ్‌టీకే జాస్తి చెప్తారు. బ్రేకు సంగతి మీరు నోరు మూసుకున్నారు గానీ నేను చెప్తా. బయటి దేశాల్లో దానికి ముందర డిస్కు ఉండె, ఈడ తయారైన దానికి డ్రమ్ము పెట్టినారు. బండేమో ఎగురుతుంది, ఆగేది దేవుడి దయ. ఇరవైలో ఆ దయ ఎక్కువ ఉంటుంది.

కుర్రోళ్ళు బండి కొనేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పి చూస్తారు. వయసైనోళ్ళు సెంటర్ స్టాండు వేసి చూస్తారు. మీరు కూడా అదే చేసినారు, తెలివైన పని.

పాతచిట్టా_62

తెలివి కాదు, ఓనరే దించమన్నాడు. మళ్ళీ నడుం గుర్తు చెయ్యొద్దు.

ఎముకల_లెక్క

నేను ఫిజియోథెరపిస్టుని, తిరుపతిలోనే. బొటనవేలు మొదట్లో నొప్పి అన్నారు కదా, మణికట్టు దగ్గర బొటనవేలు మొదలయ్యే చోట ఒక చిన్న కీలు ఉంటుంది. యాభై దాటినవాళ్ళలో అరిగే కీళ్ళలో అది ముందు వరసలో ఉంటుంది. క్లచ్ పట్టుకున్నప్పుడు నాలుగు వేళ్ళు లాగుతాయి, బరువంతా ఆ కీలు మోస్తుంది. కేబుల్ ఎండిపోయి ఉంటే అది రెట్టింపు. ముందు కేబుల్‌కి నూనె వేయించండి, లివర్ దగ్గరగా వచ్చేట్టు సర్దించండి, గ్రిప్పు కొంచెం లావుది వేయించండి. అయినా నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, ఫోరంలో అడగొద్దు.

ఇంకొకటి ఎవరూ ఒప్పుకోరు. మెడ. అరవై దాటాక వెనక్కి తిరిగి చూడటం తగ్గుతుంది. పాత బండ్లకు చాలావాటికి అద్దాలు పీకేసి ఉంటారు, చూడటానికి బాగుండదని. అద్దం పెట్టుకోండి. ఫోటోకు బాగుండకపోయినా పర్వాలేదు.

సందులో_బండి

మా చిన్నాయన మెడ తిప్పలేక వెనకున్న మా పిన్నమ్మను "లారీ వస్తా ఉందా" అని అడుగుతాడు. ఆమె "రాలేదు పో" అంటుంది. నలభై ఏళ్ళుగా ఆమే అద్దం.

మైసూరు_మాలు

పలమనేరు. 66. నా చిట్టాలో ఎప్పుడూ ఒకటే పేరు, యెజ్డీ. మా నాయన జావా నడిపినాడు, నేను 1982 యెజ్డీ నడుపుతున్నా. ఈ రెండూ తయారైన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ ఊరు మాకు తిరుపతి కంటే చాలా దూరం, అయినా మా నాయన స్పేర్ల కోసం సంచి పట్టుకోని మైసూరు బస్సెక్కేవాడు.

పాతచిట్టా గారూ, మీరు చిట్టాలో "డబ్బు చాలకపోతే" అని రాసిన బండి ఇదే కదా. ఇప్పుడు "వేలు చాలకపోతే" అని మార్చి రాసుకోండి. కారణం చెప్తా. జావా, పాత యెజ్డీల్లో గేరు లివరే కిక్కు లివరు అని అందరికీ తెలుసు. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అయితుంది. కానీ ఇంకో ఏర్పాటు ఉంది, అది చాలామంది మర్చిపోయినారు. గేరు లివర్ మీద కాలు నొక్కగానే క్లచ్ దానంతట అదే విడిపోతుంది. చేత్తో క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చొచ్చు. మా నాయనకు చివరి రోజుల్లో ఎడమచెయ్యి పట్టు పోయింది, పక్షవాతం వచ్చి కోలుకున్నాక. అయినా రెండేళ్ళు పొలానికి జావా మీదే పోయినాడు. మేం వద్దంటే వినలేదు, అది వేరే కథ.

పాతచిట్టా_62

ఇది నాకు తెలియదు! 1986లో తెలిసుంటే మొదటి వరసలో రాసేవాణ్ణి. కాదు, 1986లో తెలిసినా రాసేవాణ్ణి కాదు. అప్పుడు క్లచ్ పట్టుకోవడమే మగతనం.

గ్రీజుచేతులు

మాలు సార్ చెప్పింది నిజం. కానీ పది బండ్లలో ఎనిమిదింటికి ఆ ఏర్పాటు సరిగ్గా సెట్ చేసి ఉండదు. క్లచ్ ప్లేట్లు మార్చినోడు లోపల స్క్రూ సర్దకుండా మూత వేసేస్తాడు. కొనేముందు బండి స్టాండు మీద ఉంచి, ఇంజన్ నడుస్తుండగా, క్లచ్ పట్టకుండా ఫస్టు గేరు నొక్కి చూడండి. ఎగిరి దూకితే సెట్టింగ్ పోయినట్టు. ముందర ఎవరూ నిలబడొద్దు.

టూటీ_పొగ

యెజ్డీ ఒక్కోసారి కిక్కు తిరగబడి ఇంజన్ వెనక్కి తిరుగుతుంది. మా కాలేజీలో ఒకడు ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలితే వెనకున్న సైకిల్ స్టాండు లోకి పోయినాడు. ముప్పై సైకిళ్ళు వరసగా పడినాయి. ప్రిన్సిపాల్ అడిగితే "సార్, నేను ముందుకే నడిపినాను" అన్నాడు పాపం.

కిక్_కొట్టు

సరే, అందరూ మోకాళ్ళు, వేళ్ళు అంటున్నారు కాబట్టి బుల్లెట్ కిక్కు సంగతి చెప్తా. బలం పని కాదు అది. ట్యాంకు ముందర హెడ్‌లైట్ మీద కరెంటు చూపించే ఆంపియర్ ముల్లు ఉంటుంది. కిక్కు నెమ్మదిగా నొక్కుతా పోతే గట్టిగా తగుల్తుంది, ముల్లు మధ్యకొస్తుంది. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న డీకంప్రెసర్ లివర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలేది) లాగి, కొంచెం, రొంతంటే రొంత, కిందికి దాటించాల. లివర్ వదిలేసి, కిక్కు పైకి రానిచ్చి, ఒక్కసారి పూర్తిగా తొక్కాల. సగంలో ఆపినావా, తిరిగి తంతుంది. గుర్రం కన్నా మేలైన తన్ను.

ఇది తెలియని కుర్రోళ్ళు యాభై సార్లు తొక్కి చెమటలు పట్టి నిలబడతారు. నేను 71లో మూడు సార్లకు లేపుతా.

లూనా_అక్క

అన్నయ్యా, మీరు ఎక్కడ నిలబడి తొక్కుతారు?

కిక్_కొట్టు

ఎక్కడేంటి, ఇంటి ముందర.

లూనా_అక్క

మీ ఇల్లు మిట్టూరులోనే కదా. మా ఆడబిడ్డ వాళ్ళది మీ వీధే. "బుల్లెట్ సార్ వాకిట్లో రెండు ఇటుకలు పెట్టుకుని ఎడమకాలు వాటి మీద పెట్టి తొక్కుతాడు, ఆ ఇటుకల్ని ఎవరూ ముట్టకూడదు" అని చెప్పింది.

సందులో_బండి

😂😂😂 ఇటుకలు!!!

భాకరాపేట_మలుపు

క్లాసిక్ బండికి క్లాసిక్ ఇటుకలు.

కిక్_కొట్టు

ఇటుక పెడితే ఎత్తు వస్తుంది, కాలు నిటారుగా దిగుతుంది. అది టెక్నిక్. నవ్వుకోండి.

సరే, నిజం చెప్తా. నాలుగేళ్ళ కిందట సగంలో ఆపినా. తిరిగి తన్నింది. చీలమండ పక్కన ఎముక చిట్లింది. అందరూ ఆస్పత్రి అంటే నేను పుత్తూరు పోయినా, కట్టు కట్టించుకున్నా. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు. మూడు కట్లకు సరిపోయింది. ఇటుకలు ఆ తర్వాత వచ్చినాయి.

ఎముకల_లెక్క

పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్ళతో గొడవ పెట్టుకోను, మా జేజికి కూడా అక్కడే కట్టించారు. కానీ ముందు ఎక్స్‌రే తీయించుకోండి. కీలు లోపల విరిగితే, ఎముక జరిగితే, కట్టుతో కుదరదు. 71లో ఎముక అతుక్కునే వేగం 21లో లాగా ఉండదు.

టూటీ_పొగ

బుల్లెట్‌కి సెల్ఫ్ పెట్టించుకోవచ్చు కదా సార్? ఎవరో పెట్టించినారని విన్నా.

కిక్_కొట్టు

దేవుడి గుళ్ళో లిఫ్టు పెట్టినట్టు ఉంటుంది.

లూనా_అక్క

గుళ్ళో లిఫ్టు ఉంటే మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు మంచిదే కదా. తిరుమల నడకదారిలో మూడు వేల అయిదు వందల మెట్లు ఎక్కినవాళ్ళకే దర్శనం అని చెప్పారా ఎవరైనా? బస్సులో పోయినవాళ్ళకు కూడా అదే లడ్డు.

గ్రీజుచేతులు

లడ్డు పాయింట్‌కు జవాబు లేదు. కానీ నా మాట వినండి. దాంట్లో సెల్ఫ్ అంటే పెద్ద బ్యాటరీ, మోటారు, వైరింగు, కేసింగు పని అన్నీ మారాల. ఆ కాలం బండ్లకు 6 వోల్ట్ల కరెంటు, దానికది చాలదు. అంత ఖర్చు పెట్టినాక కూడా సగం రోజులు కిక్కే కొడతారు. అంతకంటే పాయింట్లు, అంటే ప్లగ్గుకు నిప్పురవ్వ వచ్చేట్టు కరెంటును తెంపే ముక్కలు, బాగా పెట్టుకుంటే చాలు.

అసలు అరవై దాటినోళ్ళ బండి ఎందుకు లేవదో చెప్తానా? కాలు కాదు కారణం. కన్ను. పాయింట్ల మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ ఉండాల. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకు) పెట్టి చూడాల. కళ్ళద్దాలు లేకుండా "సరిపోయిందిలే" అని బిగించేస్తారు. వాల్వుల్ని ఎత్తే కడ్డీ, పుష్‌రాడ్డు, కూడా అంతే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వేళ్ళతో తిప్పితే హాయిగా తిరగాల, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. నాకు కూడా ఇప్పుడు కన్ను ఆనదు, అందుకే వేలితోనే చూస్తా. వేలు అబద్ధం చెప్పదు.

మైసూరు_మాలు

కన్ను మాట ఎత్తినావు కాబట్టి, 6 వోల్ట్ల లైటు గురించి ఎవరైనా చెప్పండయ్యా. రాత్రిపూట మొగిలి ఘాట్‌లో దిగుతుంటే ఎదురుగా వచ్చే కార్ల లైట్లకు కళ్ళు మూసుకుపోతాయి, నా లైటేమో దేవుడి ముందర దీపం. కంటి ఆపరేషన్ అయినాక కొంచెం మేలు. అయినా పొద్దు కుంగినాక యెజ్డీ తీయడం మానేసినా. ఇరవైలో రాత్రంతా బెంగళూరు పోయినోళ్ళం.

ఇది కూడా చిట్టాలో మార్పే. అప్పుడు చిట్టాలో బండ్లు మాత్రమే ఉండేవి. ఇప్పుడు బండి పక్కన టైము కూడా రాస్తున్నా: పొద్దున ఆరు నుంచి తొమ్మిది.

భాకరాపేట_మలుపు

మీరు పొద్దున 6 నుంచి 9 నడపండి అంకుల్, 9 నుంచి నాకు ఇవ్వండి. షిఫ్టు సిస్టం.

పాతచిట్టా_62

నవ్వులాటకు అన్నా అది మంచి ఆలోచనే.

నార్టన్, సీబీ 750, జడ్ 1 గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనే చెప్తా. ఆ మూడూ చిట్టాలోంచి కొట్టెయ్యలేదు, వేరే పేజీకి మార్చినా. సీబీ 750ని బెంగళూరులో ఒకసారి దగ్గరగా చూసినా, అయిదేళ్ళ కింద. 1969 నుంచి వచ్చిన బండి, నాలుగు సిలిండర్లు, నాలుగు సైలెన్సర్లు, ముందర డిస్కు. పక్కన అరగంట నిలబడి చూసినా. నాకు ఎక్కాలనిపించలేదు! గోడ మీద బొమ్మను చూసినప్పుడు ఎక్కాలనిపించింది, ఎదురుగా ఉంటే చూస్తే చాలనిపించింది. ఓనరు "కూర్చోండి సార్" అన్నా నేనే వద్దన్నా. పడేస్తే?

టూటీ_పొగ

రెండు సిలిండర్ల కోరిక ఉంటే 2018లో వచ్చిన ఇంటర్సెప్టర్ 650 ఉంది కదా అన్నా. పాత ఇంగ్లీషు బండ్ల పోలికే.

పాతచిట్టా_62

రెండు వందల కిలోల పైన. మా ఇంటి ర్యాంపు మీద దాన్ని వెనక్కి లాగాలంటే వీధిలో నలుగుర్ని పిలవాల. వాళ్ళకు టీ పొయ్యాల.

సందులో_బండి

అందరూ బండి బరువు చెప్తున్నారు. బండి మీద ఎక్కేవాడి బరువు 1986లో ఎంత, ఇప్పుడెంత? అది కూడా రాయండి చిట్టాలో.

గ్రీజుచేతులు

కాగితాల సంగతి కూడా ఒకసారి చూసుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి పెరిగింది. యాభై ఏళ్ళు దాటితే వింటేజి కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000, కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పే వీలు ఉండదు, ప్రదర్శనలకు, ర్యాలీలకే. రోజూ కూరగాయలకు పోయే ఉద్దేశం ఉంటే దాని జోలికి పోవద్దు. ఇంగ మీ లైసెన్సు. 55 దాటితే అయిదేళ్ళకొకసారి. డాక్టరు సర్టిఫికెట్ కావాల. బండి ఫిట్‌నెస్ ఒక పక్క, ఓనరు ఫిట్‌నెస్ ఒక పక్క.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం. అది నీళ్ళను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తగా చేస్తుంది. రోజూ నడిపే బండికి ఫరవాలేదు. వయసైనోళ్ళ బండి నెలకు రెండుసార్లు తీస్తారు, అక్కడ సమస్య. పెట్టేముందు ట్యాపు కట్టేసి, కార్బరేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడిపి అప్పుడు పెట్టండి.

మైసూరు_మాలు

పాతచిట్టా గారూ, మాటలతో కాదు. పలమనేరు రండి. నా బండి నడిపి చూడండి. నచ్చకపోతే టమాటాలు కొనుక్కోని పోండి, ఇక్కడ మండీలో చవక.

పాతచిట్టా_62

వచ్చి పోయినా. చెప్పాల్సిన బాకీ ఉంది కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగైతుంది.

శుక్రవారం పొద్దున తిరుపతి నుంచి బస్సు. మాలు గారు బస్టాండులోనే బండితో ఉన్నారు, నల్లది, ట్యాంకు పక్కల క్రోము మీద ఆయన మోకాళ్ళు రాసుకున్న చోట మాత్రం రంగు వేరు. నలభై ఏళ్ళు ఒకే చోట మోకాలు ఆనితే లోహం కూడా అరుగుతుందని అప్పుడు చూసినా. కూర్చుంటే నా మోకాళ్ళు ఆ చోటికి రాలేదు, రెండు వేళ్ళ వెనక ఆగినాయి.

కిక్కు రెండోసారికి లేచింది. కానీ లేచినాక లివర్‌ను వెనక్కి గేరు చోటికి తేవడం మర్చిపోయి, కాలు గాల్లో వెతుక్కుంటా ఉంటే టీ అంగడోడు "కిందికి తిప్పండి సార్" అన్నాడు. వాడికి కూడా తెలుసు.

గంగవరం దాకా పోయినాం. నేను ముందర, మాలు గారు వెనక. చేత్తో క్లచ్ పట్టకుండా సెకండు, థర్డు. మొదట భయం, గేరు వేసేముందు ఎడమచెయ్యి దానంతట అదే లివర్ వైపు పోతుంది, నలభై ఏళ్ళ అలవాటు. నాలుగు కిలోమీటర్ల తర్వాత ఆ చెయ్యి ఊరికే గ్రిప్పు మీద పడుకుంది. బొటనవేలు నొప్పి లేదు. ఆర్‌డీ మీద నేను బండిని పట్టుకోని ఉన్నట్టు ఉండె. దీని మీద రోడ్డు పక్కన చింతచెట్లు కనిపించినాయి.

ఆగేటప్పుడు న్యూట్రల్‌కు తేవడం మర్చిపోయి ఒకసారి ఆపేసినా. వెనకున్నాయన ఏమీ అనలేదు. నా వీపు మీద ఒకసారి తట్టి దిగి టీ చెప్పినాడు.

ఆయన బండి అమ్మడు, అడగను కూడా అడగలేదు. మదనపల్లెలో ఒకటి ఉందంట, 1984ది, ఆయనకు తెలిసినోళ్ళది. వచ్చే వారం ఇద్దరం పోతున్నాం.

కిక్_కొట్టు

ఆర్‌డీ వదిలేసినట్టేనా?

పాతచిట్టా_62

చిత్తూరు ఓనరుకు ఫోను చేసి వద్దని చెప్పినా. ఆయన "ఇంకొకరు కూడా చూసి వెళ్ళినారు సార్, వాళ్ళకు కూడా స్టాండే" అన్నాడు.

భాకరాపేట_మలుపు

ఆ ఓనరు నంబరు నాకు ఇన్‌బాక్స్ చెయ్యండి అంకుల్. కొనను. స్టాండు దించి ఇచ్చొస్తా, ఒకసారి స్టార్ట్ చెయ్యనిస్తే చాలు.

లూనా_అక్క

నేనూ వస్తాను. చప్పుడు వినడానికి.

గ్రీజుచేతులు

ఆర్‌డీ చూడ్డానికి పోయేవాళ్ళు షెడ్డు మీదుగా పోండి, ప్లగ్గులు రెండు ఇచ్చి పంపుతా. అది ప్లగ్గులు తింటుంది.

పాతచిట్టా సార్, మదనపల్లె బండి తెచ్చుకుంటే నేరుగా నా దగ్గరికి తీసుకురండి, క్లచ్ స్క్రూ నేను చూస్తా. ఆదివారం రావొద్దు, షెడ్డు ఉండదు. పాత కేబుల్ తీసి పారెయ్యొద్దు, కొలతకు కావాల.

కిక్_కొట్టు

వచ్చేటప్పుడు మిట్టూరు మీదుగా రా. ఒక ఇటుక ఇస్తా.